టీ వేళకు కాలిపోయే కార్డు

2023 ఎండాకాలం. నంద్యాలలో నాది యూపీఎస్‌లు, జనరేటర్లు బాగుచేసే షాపు. ఒక పొద్దున ఆళ్లగడ్డ నుంచి శిల్పి ఓబులేసన్న ఫోన్ చేసి, "అప్పా, కార్డు మళ్లీ కాలింది. బేగా రా" అని పెట్టేశాడు.

ఆయన షెడ్డులో విగ్రహాలకు తొలి రూపు సీఎన్‌సీ మిషన్ తెస్తుంది. కంప్యూటర్‌లో బొమ్మ గీసిస్తే దాని ప్రకారం తనే రాయిని చెక్కే మిషన్ అది. నడిపేది కరుణ, ఐటీఐ చదివిన అమ్మాయి. కరెంటు కోతలు కాబట్టి పగలంతా జనరేటరే దిక్కు. కోతలు మొదలైనప్పటి నుంచి మిషన్‌కు మెదడు లాంటి కంట్రోల్ కార్డులు వరసగా కాలిపోతున్నాయి.

నేను వెళ్లేసరికి పంచాయితీ నడుస్తోంది.

"మిషన్ వదిలేసి టీకి పోతాది. వచ్చేసరికి కాలింటాది. ఇంగో కార్డు పోయిందంటే మిషన్ అమ్మేస్తా, ఈయమ్మి ఇంటికి పోవాల్సిందే" అన్నాడు ఓబులేసన్న.

"టీకి రమ్మనేది ఆయనే సార్" అంది కరుణ మెల్లగా. ఆమె జీతం మీదే ఇల్లు గడుస్తోందని నాకు తెలుసు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

సీఎన్‌సీ ప్లగ్ పీకేసి, అక్కడ అతి ఎక్కువ వోల్టేజీని గుర్తుపెట్టుకునే మీటరు తగిలించాను. అదే జనరేటర్ మీద పనివాళ్లు రాయి అరగదీసే గ్రైండర్లు గోల చేస్తున్నా అంకె 230 దగ్గర బుద్ధిగా కూర్చుంది. జనరేటర్ మంచిదే, వైరింగ్ మంచిదే. నా పరువు పోయేలా ఉంది.

అప్పుడు టీ వచ్చింది. ఆ షెడ్డులో ఒక మర్యాద ఉంది. పెద్దాయన ఉలి కింద పెట్టగానే అందరూ పనిముట్లు ఆపేయాలి. ఓబులేసన్న ఉలి పెట్టాడు. గ్రైండర్లు, రాయి కోసే పెద్ద బ్లేడు ఒక్కసారిగా ఆగాయి. జనరేటర్ గుర్రుమని లేచింది. వోల్టేజీ ఎగిరి కన్నుమూసి తెరిచేలోగా కిందికి దిగింది, మీటరు మాత్రం మూడు వందలు దాటిన అంకెను పట్టుకుని చూపించింది.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. "అన్నా, ఇంగోసారి టీ తాగండి."

"ఏందప్పా, తాగిన టీ మళ్లీనా?"

మళ్లీ అన్నీ నడిపించి, మళ్లీ ఆపించాను. మళ్లీ అదే దూకుడు. బరువు లాగే ఎద్దుకు హఠాత్తుగా కాడి విప్పితే ముందుకు తూలుతుంది చూడండి, లోడ్ పోయిన జనరేటర్ కూడా అంతే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

"స్టెబిలైజర్ పెట్టినాము గదప్పా?"

"దాని లోపలి మోటారు నిదానంగా తిరుగుతాదన్నా. అది మేలుకునే లోపల దెబ్బ తగిలిపోయింటాది."

ఆన్‌లైన్ యూపీఎస్ పెట్టించాను. జనరేటర్ కరెంటును ముందు బ్యాటరీ కరెంటుగా మార్చి, మళ్లీ కొత్తగా తయారుచేసి మిషన్‌కు ఇస్తుందది. గ్రైండర్లు మాత్రం ఒకటి తర్వాత ఒకటి ఆపాలని చెప్పాను. ఓబులేసన్న తన టీ గ్లాసు తీసుకెళ్లి కరుణ చేతికిచ్చాడు.

ఆ తర్వాత అక్కడ కార్డు కాలలేదు. ఇప్పుడు కరుణ మిషన్ ఆపి, గ్రైండర్లు ఒక్కొక్కటే ఆపించి చెయ్యి ఊపుతుంది. అప్పుడే పెద్దాయన ఉలి కింద పెడతాడు. నేను కూడా ఇప్పుడు ఏ జనరేటర్ దగ్గరికి వెళ్లినా, మీటరు తీయకముందే అక్కడి వాళ్లు టీ ఎప్పుడు తాగుతారో అడుగుతాను.