వెనకనుంచి వచ్చిన నీళ్లు

నా చిన్నప్పుడు నేను నోరు మూసుకుని ఒక పెద్ద తప్పు చేశాను. నోరు తెరిచి చేసిన తప్పులు లెక్కలేనన్ని ఉన్నాయి, వాటిని మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ ఏకరువు పెడుతూనే ఉంటారు. ఇది మాత్రం మా తాతయ్యకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాన్న అరబ్బు దేశంలో, మిర్కాబ్‌లో ఒక ఆఫీసులో పనిచేసేవాడు. మేం సాల్మియాలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. ఆ వేసవిలో తాతయ్య విజిట్ వీసా మీద వచ్చాడు. వస్తూ వస్తూ పెట్టెలో పచ్చళ్లతో పాటు ఒక అగ్గిపెట్టె నిండా గాలాలు తెచ్చుకున్నాడు. ఒక్కో గాలానికీ కోడి ఈక ముక్క, ఎర్రదారంతో చుట్టి ఉంది.

తాతయ్య వయసులో ఉండగా గోదావరి ఎగువ కొండల్లో, వెదురు నరికే చోట్ల పనిచేశాడు. వేసవిలో అక్కడి వాగులు సన్నబడి, అడుగున గులకరాళ్లు కనిపించేంత తేటగా ఉంటాయట. అప్పుడు చేప ఎరను ముట్టుకోదు కానీ, నీళ్ల మీద వాలిన పురుగు కోసం ఎగురుతుంది. ఆ పురుగులా కనిపించాలని గాలానికి ఈక కట్టి, నీళ్ల మీద మెల్లగా వాలేలా విసురుతారు. చేప ఎప్పుడూ ఎగువకి మొహం పెట్టి ఉంటుంది కాబట్టి మనిషి దాని వెనక, దిగువన నిలబడాలి. నీడ పడనివ్వకూడదు, మాట్లాడకూడదు. కళ్లు మాత్రం ఎగువనే ఉండాలి. పైన కొండల్లో ఎక్కడో వాన పడితే వాగు ముందునుంచే వచ్చి మీద పడుతుంది.

నాన్నకి ఇదంతా నవ్వులాట. "సముద్రానికి ఎగువేటి నాన్నా? రొయ్య ముక్క గుచ్చి వెయ్యి. నీళ్లు తిరగ్గానే మాత్రం వచ్చెయ్యండి, పోటు ఇట్టే ఎక్కేస్తది" అన్నాడు. "నీళ్ల సంగతి నాకు చెప్తన్నావేంట్రా" అన్నాడు తాతయ్య.

మూడు శుక్రవారాలు వెళ్లాం. ఒక్క చేపా పడలేదు. నాన్న ఆటపట్టించినప్పుడల్లా తాతయ్య నవ్వేసి, తర్వాత బాల్కనీలో ఒక్కడే కూర్చుని కొత్త ఈక కట్టుకునేవాడు. ఆ వంగిన వీపు చూస్తే నాకు నాన్న మీద ఒళ్లు మండేది. తాతయ్య తిరుగు ప్రయాణానికి ఇక వారమే ఉంది. ఎలాగైనా ఒక్క చేపయినా పడాలని మా ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ పేరుపేరునా మొక్కుకున్నాను.

నాలుగో శుక్రవారం తెల్లవారగానే బయల్దేరాం. సముద్రం బాగా వెనక్కి వెళ్లి ఉంది. తడి ఇసుకలో నడిచి, ఒక పల్లం దాటి, ఆ చివర ఉన్న రాతి దిబ్బ ఎక్కాం. మాకు ఎడమవైపు, ఒడ్డునుంచి లోపలికి గుంజలు పాతి వల కట్టిన పొడుగాటి కంచె ఉంది. పోటులో వచ్చిన చేపలు అందులో చిక్కి, నీళ్లు వెనక్కి పోయాక అక్కడే మిగిలిపోతాయి. దాన్ని ఇక్కడివాళ్లు హద్రా అంటారు.

తాతయ్య అలవాటు కొద్దీ సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన లెక్కలో ఎగువ అదే. కాసేపటికి ఈక మాయమైంది. దారం బిగిసింది. జానెడు వెండిరంగు చేప రాతి మీద పడి కొట్టుకుంది. తాతయ్య మొహంలో సంతోషం చూసి నాకు ఏడుపొచ్చింది. ఇంకోటి పడింది. అప్పుడే నేను వెనక్కి చూశాను. మేం దాటొచ్చిన పల్లంలో నీళ్లు మెరుస్తున్నాయి.

నాకు తెలుసు. నాన్నతో గవ్వలు ఏరడానికి వచ్చినప్పుడల్లా ఆ పల్లం తడవగానే వెనక్కి వచ్చేసేవాళ్లం. నోటిదాకా వచ్చింది మాట. తాతయ్య మాట్లాడకూడదన్నాడు కదా అనుకున్నాను. ఆయనకి తెలియని నీళ్లుంటాయా అనుకున్నాను. అసలు సంగతి అది కాదు. మూడోది పడితే నాన్న నోరు మూతపడుతుందని నా ఆశ. మళ్లీ చూసేసరికి ఇసుక కనిపించలేదు. అయినా పలకలేదు.

మూడోది తీసి తాతయ్య వెనక్కి తిరిగాడు. ఒడ్డుకీ మాకూ మధ్య అంతా నీళ్లే. పల్లంలోకి దిగి నాలుగడుగులు వేశాడు. నడుం దాటింది. ఒరవడికి పక్కకి తూలి, పట్టు తప్పి, ఎలాగో రాతి మీదికి వచ్చాడు. ఆయన మోకాలి దగ్గర రక్తం కారుతోంది.

"ఇది నీకు తెలుసా అమ్మడూ?" అన్నాడు.

"తెలుసు."

తిడతాడనుకున్నాను. నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "నాకీ నీళ్లు తెలీవే. నీకు తెలుసు. ఇప్పుడు నువ్వే పెద్దదానివి. ఎటెళ్దాం చెప్పు."

హద్రా మనుషులు కంచె పట్టుకునే నడవడం, గుంజల మొదట్లో రాళ్లు పేర్చి ఉండడం నాకు గుర్తొచ్చింది. అటు చెయ్యి చూపించాను. తాతయ్య గాలం కట్టిన వెదురు కర్ర, చేపలు అక్కడే వదిలేసి నన్ను వీపు మీదికి ఎక్కించుకున్నాడు. దిబ్బ అంచు వెంట కంచెదాకా వెళ్లాం. అక్కడినుంచి నేను "కుడి, తాతయ్యా, ఇంకా కుడి" అంటూ ఉంటే, ఆయన ఒక్కో గుంజా పట్టుకుని అడుగు వేశాడు. ఒకచోట నీళ్లు ఆయన గడ్డానికి తగిలాయి. ఆయన ఆగలేదు, నేను చెప్పిన వైపు తప్ప ఇంకోవైపు తిరగలేదు.

ఒడ్డున కూలబడి చాలాసేపు రొప్పాడు. నేను ఏడుస్తూ ముందే చూశానని, చేపల కోసం చెప్పలేదని మొత్తం కక్కేశాను. ఆయన నా తల తుడిచి, "మాట్లాడొద్దని నీ నోరు కట్టేసింది నేనేనే. పెద్దోళ్లకి తెలీనిది నీకు కనపడితే చెప్పెయ్యాలి. ఇనకపోతే చొక్కా పట్టుకుని లాగాలి" అన్నాడు.

ఇంటికెళ్లి నాన్నతో, నువ్వు చెప్పినా వినలేదు, తప్పు నాదేనన్నాడు. నా పేరు ఎత్తలేదు. వారం తిరిగాక వెళ్లిపోతూ ఆ అగ్గిపెట్టె నా చేతిలో పెట్టాడు.

ఇప్పుడు నా మనవరాలికి తొమ్మిదేళ్లు. శుక్రవారం పొద్దున్నే దాన్ని తీసుకుని అదే ఒడ్డుకి వెళ్తాను. నాది సముద్రం వైపు చూసే పని, దానిది వెనక్కి చూసే పని. మాట్లాడకూడదన్న నియమం మాకు లేదు, అందుకే కాబోలు చేపలు పెద్దగా పడవు. పోయిన శుక్రవారం మాత్రం ఈక చుట్టూ నీళ్లు కదిలాయి. ఇంకో నిమిషం ఉంటే పడేదే.

"అమ్మమ్మా, నీళ్లు తిరిగాయి. లే" అంది అది, నా చీర కొంగు పట్టి లాగుతూ.

నేను వెనక్కి తిరిగి చూడను కూడా చూడలేదు. దారం చుట్టేసి లేచాను.