దాతగారి బొట్టుబిళ్ళ

మా మేనత్త సరళ గుంటూరు కాలేజీలో ముప్పై ఏళ్ళు ఐరిష్ నాటకాలు చెప్పింది, అదీ ఒక్క చౌకరకం పాఠ్యపుస్తకంతో. నేను చదివిన యూనివర్సిటీ లైబ్రరీ అరుదైన ఐరిష్ పుస్తకాలకు విరాళాలు అడిగితే, అత్త నా మెయిల్ నాకంటే ముందే చదివి మరీ ఇచ్చింది. ఆ దాతల డబ్బుతో, తను పాఠం చెప్పిన నాటకం మొదటి ముద్రణ వచ్చింది. దాతలకు చూపించేది శుక్రవారం రెండింటికి, గంటసేపే. నన్ను చూడ్డానికొచ్చిన అత్త తిరుగు విమానం శనివారం. చూస్తే ఆ గంటలోనే చూడాలి.

ఉదయం ఏడున్నరకు ప్లెయిన్స్‌బరోలో మా ఇంటి నుంచి స్టేషన్‌కి డ్రైవ్ చేశాను. రైల్లో న్యూయార్క్, అక్కడ పదింటికి యూనివర్సిటీ ఉన్న ఊరికి బస్సు. టికెట్లు ముందే బుక్ చేసుకోండి, చవగ్గా వస్తాయి. బస్సులో పులిహోర డబ్బా తెరవగానే ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. అత్త అడక్కుండానే ఆయనకూ పెట్టింది.

"పుస్తకంలో నా పేరు వేస్తారుటే?"

"అట్ట లోపల, చిన్న చీటీ మీద. మన గుళ్ళో ట్యూబ్‌లైటు మీద రాసినట్టు వెలుతురు రాకుండా కాదు."

"నోర్ముయ్" అని నవ్వింది.

ఒంటిగంటన్నరకు దిగాం. లైబ్రరీలో సంచులు, పెన్నులు బయట పెట్టించి, చేతులు కడిగించారు. మోలీ అనే నెరిసిన జుట్టు లైబ్రేరియన్ మెత్తటి దిండు మీద పుస్తకం ఉంచి, "చేతుల్లోకి తీసుకోకండి" అంది. అత్త బుద్ధిగా తలూపింది. తీసుకోలేదు కూడా. తనే వంగి కళ్ళకద్దుకుంది. లేచేసరికి నుదుటి బొట్టుబిళ్ళ అట్టకు అంటుకుని ఉంది!

మోలీ ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. పుస్తకాన్ని లోపలికి తీసుకుపోయింది. అత్త ఖాళీ నుదురు తడుముకుంటోంది. పొద్దుటి నుంచీ ఆటపట్టించిన నాకే ఏడుపొచ్చింది.

"మా నాయనమ్మ ప్రార్థన పుస్తకాన్ని ముద్దు పెట్టుకోకుండా మూసేది కాదు" అన్నాడు పక్కనున్న దాత, ఓ పెద్దాయన. "ఆవిడైతే లిప్‌స్టిక్ అంటించేది."

మూడుకు పది నిమిషాలుండగా మోలీ వచ్చింది. మరక పడలేదట. "పేజీలు నేను తిప్పుతాను. మీరు చూడండి, అంతే."

అత్త చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. మోలీ పేజీ తిప్పకముందే అవతలి మాటలు అప్పజెబుతోంది. తల్లీకూతుళ్ళు పోట్లాడుకునే చోట మాత్రం ఠక్కున ఆగిపోయింది. కూతురు ఇల్లు వదిలి వెళ్తుంటే తల్లి అంటోంది, "టీ కాచాను, తాగి వెళ్ళు" అని.

"ఈ మాట నా పాఠ్యపుస్తకంలో లేదు" అంది అత్త.

నాలుగింటి బస్సులో అత్త కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంత చిన్న ప్రయాణంలో మనిషి అంత దూరం వెళ్ళిరావడం నేను చూడలేదు.

"ఆ తల్లి రాతిగుండెదని ముప్పై ఏళ్ళు పరీక్షల్లో రాయించానే" అంది చివరికి. తర్వాత ఫోన్ తీసి, పాత విద్యార్థుల గ్రూపులో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది: "నేను చెప్పింది తప్పు. ఆవిడ కూతురికి టీ ఇచ్చింది."