ముందుసీటులో అయ్య, జేబులో అద్దాలు

1944 నాటికి మదనపల్లెలో కండ్లద్దాలంటే రాజరత్నమే. మిషన్ ఆసుపత్రిలో కంటి డాక్టరు కింద పదేళ్లు పనిచేసి, బజారులో సొంతంగా బల్ల వేసుకున్నాడు. గాజు అంచును పటకారుతో కొంచెం కొంచెంగా తుంచి, తడి సానరాయి మీద గుండ్రంగా అరగదీసేవాడు. సెల్యులాయిడ్ ఫ్రేమును వేడి ఇసుకలో మెత్తబరిచి మనిషి ముక్కుకు తగ్గట్టు వంచేవాడు. యుద్ధంతో ఇంగ్లండు నుంచి సీమ గాజు రాక తగ్గిపోయింది. అప్పుడు చనిపోయినవాళ్ల అద్దాలు కొని, సరిచేసి, బతికున్నవాళ్లకు పెట్టాడు. అపచారమన్నారు కొందరు. చత్వారం రాగానే వాళ్లూ అతని బల్ల దగ్గరికే వచ్చారు.

చూపు కోసం వచ్చేవాళ్లు కొందరైతే, దర్జా కోసం వచ్చేవాళ్లు కొందరు. దర్జారాయుళ్లకు నంబరు లేని సాదా గాజు బిగించేవాడు. అందులో తప్పేముంది? తలపాగా చుట్టినవాళ్లందరూ చలికే చుట్టారా? బస్సు యజమాని రామమూర్తి బంగారు ఫ్రేములో ఉన్నదీ సాదా గాజే. ఆయన డ్రైవరు నారాయణప్పవి మాత్రం మైనస్ ఆరు. అవి తీస్తే పది గజాల అవతల ఎద్దేదో బండేదో తెలియదు.

మన దగ్గర ఒక మర్యాద ఉండేది. పెద్దల ముందు చెప్పులు విడిచినట్టే కండ్లద్దాలూ తీయాలి. కన్ను పోయినా సరే, వినయం ఉండాలి.

ఆ చలికాలం ఒక ఉదయం, మద్రాసు నుంచి కుప్పం స్టేషనుకు గాజుపెట్టె దిగిందని కబురొచ్చింది. రాజరత్నం ఆ దారిలో పుంగనూరు దాకా పోయే రామమూర్తి బస్సెక్కి నారాయణప్ప వెనకే కూర్చున్నాడు. పెట్రోలు కరువై, బొగ్గు ఆవిరితో నడవడానికి వెనక కొలిమి తగిలించిన బస్సు అది. ఎగువలో మూలుగుతుంది, దిగువలో ఆగనంటుంది. ఊరు దాటాక మామిడితోట దగ్గర రామమూర్తి చేయెత్తాడు, ఎక్కి ముందుసీటులో కూర్చున్నాడు. నారాయణప్ప చేయి గబుక్కున మొహం మీదికి పోయింది. అద్దాలు చొక్కా జేబులో పడ్డాయి.

బస్సు కదిలింది. రాజరత్నం ముందుకు వంగి గొంతు తగ్గించాడు.

"నారాయణప్పా, అద్దాలు పెట్టుకోప్పా."

"అయ్య ఉండాడు కదన్నా."

"ఉంటే?"

"ఆయన ఉప్పు తింటాండాను. ఆయన ఎదురుగానే పెట్టుకుంటే బాగుంటాదా? ఈ దారి కండ్లు మూసుకున్నా తెలుసు నాకు."

"దారి తెలుసు సరే. దారిలో వచ్చేటోళ్లు తెలుసా?"

రామమూర్తి తిరిగి చూశాడు. "ఏమప్పా రాజరత్నం, నా డ్రైవరు చెవి యాల కొరకతాండావు?"

"ఏంలేదయ్యా."

అంతకంటే ఏం చెప్పగలడు? చూపు లేనోడని తెలిస్తే సాయంత్రానికల్లా నారాయణప్ప ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే బస్సులో ముప్పైమంది. దిగువ మొదలైంది. రాజరత్నం ముందుసీటు కడ్డీని రెండు చేతులా పట్టుకుని, నారాయణప్ప కండ్లకు బదులు తానే దారి చూడసాగాడు. మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా చెరుకుబండి ఆగి ఉంది. వేగం తగ్గలేదు.

"బండి ఉండాది. కుడికి తిప్పు."

చక్రం గిర్రున తిరిగింది. చెరుకుగడలు బస్సు పక్కను గీరాయి. బస్సు గుంట అంచున ఆగింది. వెనకసీటులో రత్నమ్మ అనే ముసలామె గంపలోని వంకాయలు కిందంతా దొర్లాయి.

"యాడ సూస్తాండావప్పా నువ్వు?" అందామె.

"కండ్లు లేవారా నీకు?" అన్నాడు రామమూర్తి.

జవాబు రాజరత్నం చెప్పాడు. "ఉండాయయ్యా. జేబులో ఉండాయి."

రామమూర్తి నారాయణప్ప వైపు తిరిగాడు. "అద్దాలోడికా నేను బస్సిచ్చింది? దిగరా."

"మూన్నెల్లుగా పెట్టుకునే తోలతాండాడు. ఒక్క కోడిపిల్లనైనా తొక్కినాడా? మీరెక్కినాక తీసినాడు."

"అంటే తప్పు నాదా?"

"అద్దాలు తీసేదే మర్యాదైతే మీరు తియ్యండయ్యా. మీవి సాదా గాజు, బిగించింది నేనే. తీసినా మీకు బాగానే కనపడతాది."

వెనక ఎవరో నవ్వబోయి దగ్గారు. రామమూర్తి మొహం కందిపోయింది. లేచి, సీట్లు పట్టుకుంటూ వెనక్కి నడిచి, రత్నమ్మ గంప పక్కన కూర్చున్నాడు.

"ఇప్పుడు పెట్టుకోరా. నా ఎదురుగా కాదు కదా."

నారాయణప్ప ఉద్యోగం నిలిచింది. ఆ తర్వాత రామమూర్తి తన బస్సులో ఎప్పుడెక్కినా వెనకసీటులోనే కూర్చున్నాడు. మర్యాదను మాత్రం వదల్లేదు. రాజరత్నం బల్ల వైపు మళ్లీ తొంగిచూడలేదు.

రెండేళ్లకు ఆయనకు నిజంగానే చత్వారం వచ్చింది. బంగారు ఫ్రేమును నారాయణప్ప చేతికిచ్చి పంపాడు.

"నంబరు గాజు బిగించమన్నాడన్నా. ఎవురికీ చెప్పొద్దన్నాడు."

రాజరత్నం ఫ్రేము విప్పనైనా విప్పకుండా తిరిగి ఇచ్చేశాడు. "మనిషిని సూడకుండా నేను బిగించేది సాదా గాజేప్పా. అయ్యను రమ్మను."

మూడోరోజు రామమూర్తి వచ్చాడు, బస్సు వెనకసీటులో కూర్చుని.