అరటిగెల మీది గబ్బిలం

ఇంట్లోకి గబ్బిలం దూరిందని మీరు బాలింతను పశువుల పాకలో పడుకోబెడతారా? మావాళ్లు ఆ పనికి సిద్ధపడ్డారు.

అరవైలలో మాట. నేను బందరు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతున్నాను. గుడివాడలో కాపురముంటున్న చెల్లి పురిటికి అవనిగడ్డ దగ్గర మా ఇంటికి వచ్చింది. బిడ్డకు నెల నిండలేదు. చూద్దామని వెళ్లేసరికి, పశువుల పాకకు మోసేందుకు తల్లీబిడ్డల మంచం ముసురులో అరుగు మీదికి చేరింది. పెదనాన్న తాళంకప్ప పట్టుకుని నిలబడ్డాడు.

"గబ్బిలం దూరిన కొంపరా! శాంతి చేయించేదాకా మూసెయ్యాల్సిందే."

"ఏ గబ్బిలం?"

"శ్మశానం చింతచెట్టుకి వేలాడతాయే, వాటి పిల్ల. పిల్ల వచ్చిందంటే వెనకే తల్లి వస్తుంది. తల్లి వస్తే మనిషి పోతాడు."

లోపల, పండడానికి దూలానికి కట్టిన అరటిగెల పక్కన అది వేలాడుతోంది. గుప్పెడంత ఉంది. చింతచెట్టువి రెక్కలు చాపితే నాలుగడుగులు; మెడ చుట్టూ ఎర్రబొచ్చు, నక్కమూతి. పట్టపగలు గుంపుగా వేలాడి కీచులాడుకుంటాయి. దీనిది పొట్టిమూతి. ముక్కురంధ్రాలు చెరోపక్కకీ పొడుచుకొచ్చాయి. నల్లటి రెక్కల్లో వేలి ఎముకలు తెల్లగా కనిపిస్తాయి. ఈ రకంవి తాటాకుల చాటున నాలుగైదు కలిసి బతుకుతాయి. రెండూ పళ్లు తినేవే, రెండింటివీ పెద్ద కళ్లే. చుట్టాలంటే ఒప్పుకుంటాను. తల్లీపిల్లలంటే ఒప్పుకోను.

తువ్వాలుతో పట్టుకుని అరుగు మీదికి తెచ్చాను. దాని రొమ్ముకు బొచ్చయినా రాని కూన కరుచుకుని ఉంది.

"పిల్లకి పిల్లెక్కడిది పెదనాన్నా?"

ఆయన తాళంకప్ప నా వైపు ఊపాడు. "నీ కాలేజీ పాఠాలు నా దగ్గర చెప్పకు. రేపేదన్నా అయితే బందరు నుంచి నువ్వొచ్చి ఆపుతావా?"

చెల్లి బిడ్డనెత్తుకుని లేచింది. "దాని పిల్ల వెచ్చగా ఉంది. నా పిల్ల తడుస్తోంది. తప్పుకో పెదనాన్నా."

తప్పుకోలేదు. ఆయన్ని రాసుకుంటూనే గడప దాటి లోపలికి వెళ్లింది. నేను గబ్బిలాన్ని దొడ్లో తాటిచెట్టుకు వదిలాను.

శాంతి జరగలేదు. ఎవరూ పోలేదు. పోయినా అది గబ్బిలం చేసిన పని కాదని ఇదే గొంతుతో చెప్పేవాణ్ణి. పెదనాన్న ఏడాదిపాటు మా ఇంట మంచినీళ్లు ముట్టలేదు. ముట్టకపోతే ముట్టకపోనీ అన్నాం.

మీ ఇంట్లోకి గబ్బిలం వచ్చినప్పుడు తాళంకప్ప వెతక్కండి. ముందు అది ఏ గబ్బిలమో కళ్లు తెరిచి చూడండి. పండ్లగెల తీసి లోపల దాచండి, దానికి కిటికీ తెరవండి. బాలింత మంచాన్ని ఎవరు ముట్టుకున్నా అడ్డంగా నిలబడండి.