గోపమ్మ పగలగొట్టిన రాయి

పాలమూరు జిల్లాలో కృష్ణకు ఇవతలి ఊరు గోపమ్మది. మొగుడు ఐలేశం పటేలు దగ్గర జీతగాడు. మొగుడూ పెళ్లామూ కలిసి పటేలు మందను మేపేవారు. ఎండలో కాలేది వీళ్లు, ఉన్ని అమ్ముకునేది ఆయన. వీళ్ల సొంతానికి ఒక గొర్రెపిల్ల కూడా లేదు. ఇరవై గొర్రెలుంటే చాలు, పటేలు గడప తొక్కే పనే ఉండదని గోపమ్మ ఆశ.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో తొలకరి పడ్డాక మందలో ఒక పొట్టేలు కుంటుతుంటే గోపమ్మ దాన్ని పడుకోబెట్టి గిట్టల సందు చూసింది. వానల్లో అక్కడ రాళ్లు ఇరుక్కుని పుండ్లు పడతాయి. గొల్లవాళ్లకు రోజూ ఉండే పనే. ఆ రోజు మాత్రం మట్టితో పాటు చింతగింజంత మెరిసే రాయి ఊడి వచ్చింది. పైనా కిందా కొసదేరి ఉంది. నున్నటి ముఖాలు లెక్కపెడితే ఎనిమిది.

వానలకు నేలలోంచి బయటపడే వజ్రాల రాళ్లు కొనడానికి ఏటా పట్నం నుంచి ఒక సేటు వచ్చి ఊళ్లో మకాం వేసేవాడు. గోపమ్మ తెచ్చిన రాయిని వెలుగులో తిప్పి తిప్పి చూశాడు.

“రూపం సక్కగుంది. అసలు వజ్రమైతే నాలుగు వందలిస్త. కమ్మరి ఇనుప దాగలి మీద వెట్టి సుత్తెతోని కొట్టి సూడు. అసలుదైతే పలగది. పలిగిందంటె ఉత్త రాయే” అన్నాడు.

నాలుగు వందలంటే ఇరవై గొర్రెలు! గోపమ్మ కాళ్లు నేల మీద నిలవలేదు.

“జర ఆగరాదే, ఇంకెవలికన్న సూపిద్దాం” అన్నాడు ఐలేశం.

“మల్లన్న ఇచ్చింది పలుగుతదా?” అని ఆమె కొలిమి దగ్గరికి నడిచింది. కమ్మరి చేతిలోని సుత్తె లాక్కుని, దేవుడికి దండం పెట్టి, దాగలి మీద పెట్టిన రాయిని తనే కొట్టింది.

ఒక్క దెబ్బకే అది రెండు పలకలుగా చీలిపోయింది.

గోపమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. పిలవకుండానే సేటు దిగబడ్డాడు. ముక్కలు ఏరి అరచేతిలో పెట్టుకుని, “అయ్యో పాపం! పోనీ తియ్, అరవై రూపాయలిస్త” అన్నాడు. ఐలేశం చేయి చాపబోయాడు.

గోపమ్మ కన్నీళ్లు ఆగిపోయాయి.

“పలిగితె ఉత్త రాయన్నవు గద సేటూ? ఉత్త రాయికి అరవై ఎందుకిస్తున్నవ్?”

సేటు అరచేతిలోని ముక్కలు చూపించాడు. “వజ్రమే గోపమ్మా. కాని రూపం పోయింది. నిండుగ ఉన్నప్పుడు కోసి సానవడితె రెండు మంచి రాళ్లొస్తుండె. గీ పలకలు సానవడితె మిగిలేదానికన్న అరిగిపోయేదే ఎక్కువ. తూకం గంతే ఉన్నా, రూపం లేకుంటె ధర లేదు.”

“అంటె అసలుది గూడ పలుగుతదని నీకు ముందే ఎరుకన్నట్టు!”

సేటు తల వంచుకుని నోట్లు లెక్కపెట్టసాగాడు. సిగ్గులేని మనిషి! గొంతు కోసిన చేత్తోనే జాలి చూపించాడు. ఆ చుట్టుపక్కల రాళ్లు కొనే దిక్కు ఇంకొకటి లేదు కనుక గోపమ్మ అరవై తీసుకోక తప్పలేదు. తీసుకున్నాక ఊరుకోలేదు. గడప గడపకూ పోయి, “సుత్తె ముట్టకుండ్రి, అసలుది గూడ పలుగుతది” అని అరిచి చెప్పింది. మరుసటేడు నుంచి ఆ ఊరి రాళ్లు చీలకుండా అమ్ముడుపోయాయి. సేటు ముఖం మాడ్చుకుని నిండు ధర ఇచ్చాడు.

అరవైకి మూడు గొర్రెలు వచ్చాయి. అవి కరువుకు, రోగాలకు పోయినవి పోగా ఇరవై కావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఆ ఎనిమిదేళ్లూ పటేలు మంద వెనకే తిరిగారు.

పటేలు కొలువు మానేసిన రోజు ఆడబిడ్డ గుర్వమ్మ అడిగింది: “మంద అయ్యింది గద వదినె, సేటు పేరెత్తితె ఇంకెందుకు పండ్లు కొరుకుతవు?”

“మంద నా రెక్కల కష్టం” అంది గోపమ్మ. “వాడు గుంజుకపోతె ఎన్నడో మర్సిపోతుంటి. నాది నా చేతితోనే పలగ్గొట్టిచ్చిండు.”