పసుపు పూసిన పొత్రం

జక్రయ్య చేతులు అప్పటికే ‘దే’ మలుపు దగ్గరికి వచ్చాయి. ఎడమచేతిలో ఉలి వాలుగా ఉంది. కుడిచేతిలో సుత్తి చిన్న దెబ్బలు వేస్తోంది. నల్లరాయి మీద తెలుగు అక్షరం దించడం తేలికేం కాదు. ఇంగ్లీషు అక్షరాలు నిలువుగానో అడ్డంగానో పోతాయి. మనవి గుండ్రం. మలుపు లోపల చిన్న పెచ్చు లేచినా పేరు చెడుతుంది, చెడ్డ రాయిని అతకడానికి లేదు. అందుకే అతను కాస్త కొట్టి ఆగుతాడు, పొడి ఊదుతాడు, వేలు పెట్టి లోతు తడిమి మళ్ళీ కొడతాడు.

ఆ రాయి బేరానిది కాదు, అతని భార్య దేవకుమారిది. కిందటేడు మిరపకాయల కోతలప్పుడు ఆమె జ్వరంతో పోయింది. ఈస్టరు తెల్లవారుజామున సంఘమంతా సమాధుల తోటకు వెళ్ళి, సున్నం కొట్టిన సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి పాడటం ఆ పాలెంలో ఆనవాయితీ. కిందటి ఈస్టరుకి ఆమెది మట్టిదిబ్బే. ఊరందరి వాళ్ళకీ రాళ్ళు చెక్కిన వాడి పెళ్ళానికి రాయి లేదు. ఎవరూ ఏమీ అనలేదుగానీ, కొవ్వొత్తి మట్టిలో గుచ్చుతుంటే జక్రయ్యకి తల కొట్టేసినట్టయింది. ఎనభై ఆరు ఈస్టరు నాటికి రాయి నిలబెట్టి తీరాలని ఆ రోజే అనుకున్నాడు.

మార్టూరు నుంచి పర్చూరు పోయే రోడ్డు పక్కన తాటాకు పందిరి, దాని చుట్టూ రాళ్ళు. అదే అతని దుకాణం. చిన్నప్పుడు పొగాకు చేలల్లో కూలికి పోయాడు, తర్వాత క్వారీలో రాయి పగలగొట్టాడు. రోళ్ళు కొట్టేవాళ్ళ పక్కన నిలబడి చూసి రోలు కొట్టడం నేర్చాడు. చదవడం రాకముందే అక్షరాలు చెక్కడం వచ్చింది. ఎవరైనా సమాధిరాయి అడిగితే, పాలెం బడిలో పంతులుగా చేసిన, సంఘంలో పెద్ద కూడా అయిన ప్రేమదాసు మాస్టారు సుద్దముక్కతో రాయి మీద పేరు రాసిచ్చేవారు. జక్రయ్య ఆ గీతల వెంట ఉలి నడిపేవాడు. అలా పోయినవాళ్ళ పేర్లలోంచే చదువు పట్టుబడింది.

రెండేళ్ళ కిందట మాస్టారు సుద్దముక్క పట్టడం మానేశారు. “చెయ్యి వణుకుతోందిరా. ఇక నువ్వే రాసుకో. నా రాతకంటే నీదే బాగుంది” అన్నారు. ఆ మాటకి జక్రయ్య ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత సంతోషం.

దేవకుమారి రాయి మధ్యలో ఆపి ఒక రోలు కొట్టాల్సి వచ్చింది. పెద్ద రైతు చెంచురామయ్య భార్య సుబ్బరావమ్మ పిండి రుబ్బే రోలు కావాలంది. రోలూ పొత్రమూ తయారయ్యాక ఒక బుధవారం పొద్దున వచ్చి, పొత్రాన్ని రోట్లో నిలబెట్టించి, దానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, పైన బంతిపువ్వు ఉంచింది. కొత్త రోలు ఇంటికి తీసుకెళ్ళే ముందు వాళ్ళలో అలా చేస్తారు. బండి మిరపకాయల బస్తాలు తోలుతోందని, సాయంత్రం పంపిస్తానని చెప్పి పోయింది. రోలు పగలంతా రోడ్డు పక్కనే ఉంది. జక్రయ్య దానికి వీపు పెట్టి కూచుని దేవకుమారి పేరు చెక్కుకుంటున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధనలో, రొట్టె పంచబోయే ముందు సంఘ కార్యదర్శి జోసఫ్ లేచాడు. కాయితం చూసి గట్టిగా చదివాడు.

“రాతిపని జక్రయ్య విగ్రహం చెక్కినట్టు సాక్ష్యం ఉన్నందువల్ల, పెద్దలు కూడి అతన్ని ప్రభువు బల్లలో నుంచి, సంఘంలో నుంచి తీసివేయడమైనది. ఇకమీదట సమాధుల తోటలో అతని చేతిపని ఏదీ పెట్టరాదు.”

జక్రయ్య అటూ ఇటూ చూశాడు. ఈ జక్రయ్య ఎవరబ్బా అనుకున్నాడు. ఆ పేరుగలవాడు పాలెంలో తనొక్కడే. అది బుర్రకెక్కేలోపు రొట్టె పళ్ళెం వరసలో వచ్చింది. పక్కనున్న బాలస్వామి తను తీసుకుని, పళ్ళేన్ని జక్రయ్య మోకాళ్ళ మీదుగా అవతలివాడికి అందించాడు. ఆ పళ్ళెం ముక్కు కింద నుంచి పోతున్నప్పుడు వచ్చిన రొట్టె వాసన జక్రయ్యకి చాలాకాలం గుర్తుంది.

పందిరికి వచ్చి సుత్తి ఎత్తాడు. ఓ ముక్కరాయి మీద కొట్టి చూస్తే దెబ్బ పక్కకు పోయింది. గురి తప్పే చేత్తో ఆమె రాయి ముట్టకూడదు. దించేశాడు. మర్నాడూ అంతే. పేరులో ‘దేవకు’ అయింది, ‘మారి’ మిగిలింది. ఈస్టరు వచ్చే ఆదివారమే.

సంగతి విని అక్క కూతురు రెబ్కా సోమవారం మధ్యాహ్నం బస్సు దిగి తిన్నగా పందిరికి వచ్చింది. ఆ పిల్ల గుంటూరులో లా చదువుతోంది.

“ఏ విగ్రహం మావయ్యా?”

“తెలీదు.”

“ఎవరు చూశారంట?”

“అదీ తెలీదు.”

“నిన్ను పిలిచి అడిగారా?”

“ఎవరడిగారే! అందరితోపాటు నేనూ కూచుని విన్నా.”

రెబ్కా సంచి కింద పెట్టింది. “అసలు అడక్కుండానే? మావయ్యా, పోయిన వారమే మాకు క్లాసులో ఈ పాఠం...”

“నేనిక్కడ తలెత్తుకోలేక చస్తుంటే నీ క్లాసు గోలేందే?”

“విను ముందు. ఇంగ్లండులో రెండొందల అరవై ఏళ్ళ కిందట ఒక పెద్ద పండితుడు ఉండేవాడు. ఆయనకీ యూనివర్సిటీకీ తగువొచ్చింది. మాటమాత్రం చెప్పకుండా ఆయన పట్టాలు పీకేశారు. ఆయన కోర్టుకి పోయాడు. కోర్టు ఆ పట్టాలు తిరిగి ఇప్పించింది. అందులో ఒక జడ్జి ఏమన్నాడో తెలుసా? ఆదామును తోటలోంచి గెంటే ముందు దేవుడు కూడా పిలిచాడు, ఎక్కడున్నావని అడిగాడు, తినొద్దన్న పండు తిన్నావా అని అడిగాడు, ఆ తర్వాతే శిక్ష వేశాడన్నాడు. అన్నీ తెలిసిన దేవుడే అడిగితే మనుషులెంత! రెండోవాడి మాట వినకుండా ఇచ్చిన తీర్పు చెల్లదు. మాకు మొట్టమొదట నేర్పే సూత్రాల్లో ఇదొకటి.”

ఆదాము సంగతి జక్రయ్య చిన్నప్పటి నుంచి విన్న కథే. దాన్ని అటువైపు నుంచి ఎవరూ చూపించలేదు.

“అయితే ఆ పండితుడు మంచివాడేనన్నమాట.”

“ఏం మంచివాడు! గొడవలమారి అంట. అయినా కోర్టు ఆ సంగతి తేల్చలేదు. అడక్కుండా తీసేశారు కాబట్టి చెల్లదంది.”

“మంచోడని చెప్పకపోతే అదేం న్యాయమే?”

“అడక్కుండా ఎట్లా తెలుస్తుంది మావయ్యా, మంచోడో కాదో?”

జక్రయ్య పక్కనున్న కొత్తరాయి వైపు చూశాడు. రాయి కొనేముందు అతను సుత్తితో నాలుగు మూలలా తట్టి వింటాడు. పైకి ఎంత నున్నగా ఉన్నా, లోపల చీలిక ఉంటే మోత మొద్దుగా వస్తుంది. తట్టకుండా చెప్పమంటే అతనైనా చెప్పలేడు.

“సరే, ఈమధ్య రోడ్డుకి కనపడేట్టు ఏం పెట్టావు?” అంది రెబ్కా.

“ఏముందీ, సుబ్బరావమ్మగారి రోలు...” అంటూ ఆగిపోయాడు. రోట్లో నిలబెట్టిన నల్లటి పొత్రం, పసుపు, బొట్లు, పువ్వు. దూరం నుంచి అచ్చం శివలింగమే. “ఓరి నాయనో!” అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

ఇద్దరూ పాస్టరు ఇమ్మానియేలుగారి ఇంటికి వెళ్ళారు. రోలు సంగతి విని ఆయన కంగారుపడ్డాడు. ఆదాము సంగతి విని కుర్చీలోంచి లేచాడు.

“ఆ మాట కోర్టులో అన్నారా అమ్మా? జడ్జే అన్నాడా?”

“అన్నాడండీ. మాకు పరీక్షలో కూడా అడుగుతారు.”

“ఆ కథ మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో!” అని ఆయన నుదురు రుద్దుకున్నాడు. “జక్రయ్యా, ఆ కాయితం మీద నేనూ సంతకం పెట్టాను. చెప్పినాయన మీద నమ్మకం అటువంటిది మరి. ప్రేమదాసు మాస్టారు తన కళ్ళతో చూశానన్నారు.”

జక్రయ్య పాస్టరుగారి దగ్గరికి ఒకడుగు వేశాడు. “మాస్టారా?”

“చూసిందీ ఆయనే, తీర్పు చెప్పిన పెద్దల్లో కూచున్నదీ ఆయనేనా?” అంది రెబ్కా. “ఇది రెండో తప్పండీ. తగువులో ఉన్నవాడు తీర్పరి కాకూడదు. అదీ మా పుస్తకాల్లో...”

“నువ్వు కాసేపు ఊరుకో” అన్నాడు జక్రయ్య. మాస్టారి పేరు విన్నాక అతనికి సూత్రాలు వినబుద్ధి కాలేదు.

గురువారం సాయంత్రం పాస్టరుగారు గుళ్ళో సంఘాన్ని పిలిపించాడు. జక్రయ్యని ముందుకు పిలిచి అడిగారు. అతను నాలుగు మాటల్లో చెప్పి ఊరుకున్నాడు. ఇంతలో రెబ్కా కబురు పెట్టిన ఎడ్లబండి బయట ఆగింది. సుబ్బరావమ్మ పాలేరు యలమందయ్య పొత్రాన్ని భుజాన మోసుకొచ్చి మెట్ల మీద దింపాడు. సుబ్బరావమ్మ చెప్పులు విప్పి గుమ్మంలో నిలబడింది.

“లోపలికి రావచ్చో లేదో నాకు తెలీదు, ఇక్కణ్ణించే చెప్తా. ఇదేనయ్యా మీ విగ్రహం! వారం రోజుల నుంచి దీంతో గారెలపిండి రుబ్బుతున్నా. దేవుణ్ణయితే పప్పులో వేసి తిప్పుతానా? చెంపలు వాయించుకోనూ!”

ఒకడు కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత గుడంతా నవ్వింది. నవ్వు ఆగేసరికి జోసఫ్ లేచి నిలబడ్డాడు.

“అయితే మాస్టారు అబద్ధసాక్ష్యం చెప్పారన్నమాట! మనందరి చేతా తప్పు చేయించారు. ఆయన్నీ తీసేయండి. చేతులెత్తండి.”

టపటపా చేతులు లేచాయి. పోయిన ఆదివారం పళ్ళెం దాటించిన బాలస్వామి చెయ్యి అందరికంటే పైకి లేచింది. పక్కబల్ల మీద ప్రేమదాసు మాస్టారు తల వంచుకుని కూచున్నారు. జక్రయ్యకి ఆ చేతులు చూస్తుంటే కడుపులో చల్లగా, హాయిగా ఉంది. ఎంత హాయిగా ఉందంటే, అతనికి తనని చూసి తనకే భయమేసింది. ఇదే హాయి ఆ రోజు వీళ్ళందరికీ కలిగి ఉంటుంది.

“ఆగండి” అన్నాడు. చేతులు దిగలేదు. మళ్ళీ అరిచాడు. “ఆగండయ్యా! ఆయన్ని అడిగారా?”

“అడిగేదేముందిరా? పొత్రం ఎదురుగానే ఉందిగా!” అన్నాడు జోసఫ్.

“నా సంగతిలోనూ అడిగేదేముందనే అన్నారుగా.” జక్రయ్య మాస్టారి ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. “మాస్టారూ, దుకాణం రోడ్డు మీదే ఉంది. నాలుగడుగులు ఇటు వేసి, ఇదేందిరా జక్రయ్యా అని నన్నొక మాట అడిగితే పోయేదిగా? ఎందుకు అడగలేదు?”

మాస్టారు నేల వైపే చూస్తూ చెప్పారు.

“దగ్గరికొస్తే తెలిసిపోతుందిరా.”

“ఏం తెలిసిపోతుంది?”

“నాకు కనపడదని.”

మాస్టారు చేతిలోని పుస్తకం గట్టిగా పట్టుకున్నారు.

“నల్లగా ఏదో నిలబడి ఉంది. పచ్చగా, ఎర్రగా పూసినట్టుంది. అంతవరకే. రెండేళ్ళయింది, కళ్ళకి పొర కమ్మి. సుద్దముక్క అందుకే మానేశా. చెయ్యి వణుకుతోందని నీకు అబద్ధం చెప్పా. నేను చూశానని పెద్దలకి చెప్పాక ఎంత దూరం నుంచని ఎవరూ అడగలేదు. అడిగితే అప్పుడే ఒప్పుకునేవాణ్ణేమో.”

పాస్టరుగారు లేచి వచ్చాడు. “మాస్టారూ, మరి ప్రతి ఆదివారం వాక్యం చదివేది మీరేగా?”

“ఏ వాక్యమో శనివారం మీరే చెప్తారు కదండీ. యాభై ఏళ్ళు చదివాను. నోటికొచ్చు. పుస్తకం ఊరికే తెరిచి పట్టుకుంటాను.”

పాస్టరుగారు ఆయన చేతిలోని పుస్తకం వైపు వంగి చూశాడు. అది తలకిందులుగా ఉంది. రెండేళ్ళుగా ముందువరసలో కూచున్న పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎత్తిన చేతులు ఒక్కొక్కటీ దిగాయి. చివరకు బాలస్వామిదీ దిగింది. గుమ్మంలోంచి సుబ్బరావమ్మ, “అయ్యో, మాస్టారూ! శుక్లాలకి గుంటూరు ఆస్పత్రిలో ఆపరేషను చేస్తారుగా, ఇన్నాళ్ళు దాచుకుంటారా?” అంది. ఆ మాట అనాలని మిగతా ఎవరికీ తోచలేదు.

జక్రయ్యకి కోపం ఎటు పోయిందో తెలీలేదు. అది పోయిన చోట ఏం పెట్టుకోవాలో కూడా తెలీలేదు. జోసఫ్ పాత కాయితం చింపుతున్నాడు, పాస్టరుగారు ప్రార్థన మొదలుపెడుతున్నాడు. జక్రయ్య బయటికి వచ్చి యలమందయ్యతో కలిసి పొత్రాన్ని బండిలోకి ఎత్తాడు. ఎత్తుతూ అలవాటు కొద్దీ గాటు పడిందేమోనని తడిమి చూశాడు. పడలేదు.

మర్నాడు పొద్దున సుత్తి పడితే దెబ్బ గురి తప్పలేదు. ‘మా’ చెక్కి, తర్వాత ‘రి’ దగ్గరికి వచ్చాడు. ఆ అక్షరం గుడి మలుపులో పెచ్చు లేస్తుందని అతనికి ఎప్పుడూ భయం. కమ్మరి దగ్గర ఉలిమొన కొత్తగా సాగదీయించుకొచ్చి, మామూలుకంటే లోతుగా దించాడు.

శనివారం మధ్యాహ్నానికి రాయి సమాధుల తోటకు చేరింది. గొయ్యి తీసి నిలబెట్టి, చుట్టూ కంకర దట్టించాడు. తాడుకి గుండు కట్టి వేలాడదీసి నిటారుగా ఉందో లేదో చూసుకున్నాడు. కళ్ళాల వైపు నుంచి మిరప ఘాటు వస్తోంది. రెబ్కా పక్క సమాధులకి సున్నం కొడుతూ తుమ్ముతోంది. తోటలో పెట్టే రాయి ఏదైనా, రాసింది సరిగ్గా ఉందని మాస్టారు చదివి ఒప్పుకున్నాకే సంఘానికి అప్పగించినట్టు లెక్క. రెండేళ్ళుగా ఆయన కాస్త దూరంలో నిలబడి తల ఊపి పోయేవారు.

పాస్టరుగారు ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. జక్రయ్య రాయి మీది పొడి తడిగుడ్డతో తుడిచాడు. మాస్టారి చెయ్యి అందుకుని మొదటి అక్షరం మీద పెట్టాడు.

“చూసి చెప్పండి మాస్టారూ.”

ముసలివేళ్ళు గాడిలోకి దిగి మెల్లగా నడిచాయి. ‘దే’ చుట్టూ తిరిగాయి, ‘వ’ దాటాయి, ‘కు’ కొమ్ము దాకా జారాయి. ‘మా’ అయ్యాక ‘రి’ గుడి మీద ఆగి, మలుపంతా మరోసారి తడిమాయి.

“దేవకుమారి” అన్నారు మాస్టారు. “తప్పు లేదురా.”

జక్రయ్య ఉలీ సుత్తీ సంచిలో వేసుకుని పక్కకు జరిగాడు.