బూట్లతో దిగిన ఫొటో

క్లెమెంటి స్టేషన్‌లో మెట్రో రైలెక్కి, అమ్మతో ఫోన్‌లో తెలుగులో మాట్లాడాక, యూరప్‌లో చూసొచ్చిన పాత చర్చిల ఫొటోలు తిరగేస్తున్నాను. పక్క సీట్లో చీర కట్టుకున్న పెద్దావిడ నా ఫోన్‌లోకే తొంగి చూస్తోంది. నాకు ఒళ్ళు మండింది. పక్కకి తిప్పేలోపే ఆవిడ చెయ్యి చాచి, ఓ చర్చి లోపల నేను దిగిన ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేసింది. తెర నిండా నా బూట్లే.

"వీటితోనే లోపలికెళ్ళావా?" అంది తెలుగులో.

"అక్కడందరూ అలాగే వెళ్తారు ఆంటీ," అన్నాను ఫోన్ లాక్కుంటూ.

"అందరి సంగతి నేనడగలేదు. మా ఊళ్ళో చర్చికొస్తే చంటిపిల్ల చెప్పులు కూడా గుమ్మం బయటే విప్పిస్తాం." నా బొట్టు వైపు చూసింది. "మీ గుడికైతే ఇలాగే వెళ్తావా?"

"మీ పని మీరు చూసుకోండి."

ఆవిడ మొహం తిప్పుకుంది. తంజోంగ్ పగార్ స్టేషన్‌లో దిగేదాకా మళ్ళీ నా వైపు చూడలేదు.

మరుసటేడు వియన్నాలో ఓ పాత చర్చికి వెళ్ళాను. చివరి బల్ల మీద కూర్చుని, ఎవరూ చూడకుండా బూట్లు విప్పాను. ఆవిడని తిట్టుకుంటూనే సాక్సులు కూడా తీసేశాను.